కొత్త రికార్డింగులో ఫ్లూటు లేదు

"ఫ్లూటు తీసేసిండ్రురా!"

పొద్దున్నే మా అక్క ఫోను. హలో లేదు, బాగున్నావా లేదు, ఇంట్లో దొంగలు పడ్డంత గోల. టేకులపల్లి నుంచి ఆమె అరిచిన అరుపు ఖమ్మంలో మా వంటింటి దాకా వినిపించింది. మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏందండీ, ఏం పోయిందంట వదినకి?"

"ఫ్లూటు."

"మనకెప్పుడుంది ఫ్లూటు?" అని ఆవిడ మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

పోయిన సంగతి ఇది. మా చిన్నప్పటి జానపద సినిమా ఒకటుంది. దాని నేపథ్య సంగీతం మొత్తాన్ని ఇప్పటి వాయిద్యగాళ్ళెవరో పెద్ద బృందంగా కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి వాయించి, రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టారు. పాటలు కాదు. పాటలైతే ఎవరో ఒకరు ఎప్పుడూ మళ్ళీ పాడుతూనే ఉంటారు. ఇది సీను వెనకాల వచ్చే సంగీతం. గుర్రాలు ఉరికేటప్పుడు, కోట తలుపులు తెరుచుకునేటప్పుడు, తెరమీద ఎవరూ నోరు విప్పనప్పుడు వచ్చేది. దాన్ని మళ్ళీ వాయించాలనే బుద్ధి ఎవరికైనా పుడుతుందని మేం కలలో కూడా అనుకోలేదు. మా చర్చి గ్రూపులో ఎవరో ఆ లింకు పెడితే అక్క చూసింది. విన్నది. మండిపడింది.

ఆ సంగీతం మీద మా ఇద్దరికీ ఉన్న హక్కు గురించి చెప్పాలి. మా నాన్న మిషన్ బడిలో పంతులు. సినిమా అంటే పాపం అని ఆయన నమ్మకం. అయితే మా ఇంటి వెనక చింతతోపు దాటితే డేరా టాకీసు. ఆయన మా కళ్ళకి గంతలు కట్టగలిగాడు గానీ చెవులకి కట్టలేకపోయాడు. రోజూ సాయంత్రం మొదటి ఆట మొదలుకాగానే సినిమా మొత్తం మా పెరట్లోకి వచ్చేది. అక్క బోకులు తోముతూ, నేను లెక్కలు చేస్తున్నట్టు నటిస్తూ వినేవాళ్ళం. ఆ జానపద సినిమా ఊళ్ళో చాలా రోజులు ఆడింది. ఒక్క బొమ్మ చూడకుండా సినిమా అంతా మాకు కంఠతా వచ్చేసింది.

అందులో ఒక తునక ఉంది. ముందు డోలు గట్టిగా మోగుతుంది. తర్వాత వయొలిన్లు లేచి, మెల్లమెల్లగా తగ్గి, ఆగిపోతాయి. ఏమీ ఉండదు కాసేపు. ఆ ఖాళీలోంచి ఫ్లూటు ఒక్కటే పైకి లేస్తుంది. పైకి, ఇంకా పైకి పోయి, అక్కడే తిరిగి తిరిగి దిగుతుంది. అది దిగీ దిగకముందే డోలు ఒక్క దెబ్బ. అయిపోయింది. ఆ సీన్లో రాజకుమారి అడవిలో తప్పిపోయిందని అక్క, కాదు, ఎవరో చచ్చిపోయారని నేను. ఏళ్ళ తరబడి ఇదే కొట్లాట. పెద్దయ్యాక ఆ సినిమా టీవీలో వస్తే ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. తీరా చూస్తే రాజకుమారుడు చెట్టుకింద కూర్చుని అరటిపండు తింటున్నాడు. అక్క టీవీ కట్టేసింది. "మన సినిమానే మంచిగుంది పోరా" అంది.

ఆ ఫ్లూటు బిట్టుని ఆమె చర్చి హార్మోనియం మీద వాయించేది. ఆదివారం ఆరాధన మొదలవకముందు జనం వచ్చి కూర్చునేటప్పుడు నెమ్మదిగా ఏదో ఒకటి వాయించాలి కదా, అది. మా నాన్న ముందు వరసలో కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పరవశించి వినేవాడు. సినిమా చూడనివాడికి సినిమా సంగీతమని ఎట్లా తెలుస్తుంది? నేను నవ్వాపుకోలేక బెంచీ కింద దూరేవాణ్ణి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ చర్చిలో పాటల బృందం అక్కదే. నర్సుగా ఉద్యోగం చేస్తూ, ఏజెన్సీ ఊళ్ళన్నీ తిరిగి సూదులు వేసి వచ్చి, సాయంత్రం పిల్లలకి పాటలు నేర్పేది. రిటైరయ్యాక ఇక ఆమెకి అదే పని, అదే లోకం. బావ పోయిన తర్వాత మరీను. బృందంలో ఎవరి గొంతు పిసరంత జారినా వెనక్కి తిరక్కుండా పేరు పెట్టి పిలిచేది. మా వంశంలో చెవులంటే అక్కవే.

కాబట్టి ఆమె ఫ్లూటు లేదంటే లేదు. నేను వినాల్సిన పని కూడా లేదు.

ఆ శనివారం బస్సెక్కి టేకులపల్లి వెళ్ళాను. ఇంటర్మీడియట్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడం మానేసిన దగ్గరినుంచి నాకు శనివారం అక్క ఇంటికి పోవడం, ఆదివారం చర్చి చూసుకుని సోమవారం తిరిగిరావడం అలవాటైంది. అరుగు మీద కూర్చుని ముందు పాతది పెట్టాం, తర్వాత కొత్తది. ఆమె ఒక్కొక్క చోట ఆపించి మరీ చూపించింది.

"ఇగో, డోలు సూడు. డోలా ఇది? బియ్యం బస్తా కింద పడేసినట్టుంది."

"అవ్ అక్కా."

"వయొలిన్లు ఎంతమంది వాయిస్తున్నరో, పెండ్లికొచ్చిన మందోలె. ఇగో, ఇక్కడ రావాలె ఫ్లూటు. వచ్చిందా? రాలే. సూసినవా?"

నిజంగానే రాలేదు. ఆమె వేలు పెట్టిన చోట రాలేదు. అంతే, ఇద్దరం అందుకున్నాం. వీళ్ళకి పాతదాన్ని ముట్టుకునే హక్కు ఎవరిచ్చారు, ముట్టుకున్నవాళ్ళు సక్కగా ముట్టుకోవద్దా, ఈ కాలం వాళ్ళకి ఖాళీ అంటే భయం, నిశ్శబ్దం కనిపిస్తే చాలు ఏదో ఒకటి దూర్చేస్తారు. నాకు కొత్తవంటే మొదటినుంచీ ఒళ్ళు మంటే. తిట్టడానికి అక్క తోడుంటే ఇక పండగే. రికార్డింగు దారిన అది మోగుతూనే ఉంది, మా దారిన మేం తిడుతూనే ఉన్నాం.

ఖమ్మం వచ్చాక ఆ వీడియో కింద నా అభిప్రాయం కూడా రాసి పడేశాను. "ప్రాణం లాంటి ఫ్లూటుని తీసేసి శవానికి అలంకారం చేశారు" అని. రాశాక రెండుసార్లు చదువుకుని భేష్ అనుకున్నాను. మర్నాటికి దాని కింద ఎవరో మర్యాదగా జవాబిచ్చారు: "ఫ్లూటు ఉందండీ. కాస్త ఆలస్యంగా, వయొలిన్ల మీదుగా వస్తుంది. మళ్ళీ ఒకసారి వినండి."

నాకు తిక్క రేగింది. "మా అక్కకి వినపడని ఫ్లూటు వీడికి వినపడిందట!" అని ఇల్లంతా తిరిగాను. మా ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. "పెట్టండి, నేను కూడా ఇంటా" అంది. పెట్టాను. డోలు, వయొలిన్లు. అక్క చూపించిన చోటు దాటిపోయింది. నేను విజయగర్వంతో చూశాను.

"ఆగండి. వస్తుంది కదా" అంది మా ఆవిడ.

వచ్చింది. పాతదాంట్లో వయొలిన్లు ఆగాక వచ్చేది, ఇందులో అవి సాగుతుండగానే వాటి మీద తేలుతూ వచ్చింది. సన్నగా, శుభ్రంగా, చక్కగా. దాచిపెట్టింది కాదు, మూలకి నెట్టింది కాదు. అక్క ఇంట్లో మేం తిట్టుకుంటున్నప్పుడు కూడా ఇది మోగే ఉంటుంది. నా సంగతంటే సరే, ఆమె లేదన్నాక చెవులు మూసేసుకుని నోరు తెరిచాను. కానీ అక్క ఒంటరిగా, పదేపదే, శ్రద్ధగా విన్నది కదా. ఆమెకి ఎందుకు వినపడలేదు?

మా ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "ఏమనుకోకండి. వదినకి నేను ఫోన్ల ఏం చెప్పినా అవ్, అవ్ అంటుంది గానీ జవాబు వేరేది చెప్తుంది. కుక్కర్ విజిల్ కూడా పట్టించుకోదు. మొన్న వచ్చినప్పుడు పప్పు మాడిపోయింది, యాదున్నదా?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఎవరి మీదో తెలియదు.

ఇక్కడ నా ఫిజిక్సు నన్ను వెక్కిరించింది. వయసు మీద పడితే చెవికి ముందు పోయేవి పై శబ్దాలని జీవితమంతా పిల్లలకి చెప్పాను. పక్షి కూత, విజిలు, ఆడపిల్లల గొంతు, ఫ్లూటు. డోలు చివరిదాకా ఉంటుంది. పాఠం చెప్పడం వేరు, పాఠం మన ఇంటికి వచ్చి కూర్చోవడం వేరు. కానీ ఒక్కటి అంతుపట్టలేదు. పాత రికార్డింగులో ఫ్లూటు కూడా అంతే ఎత్తున ఉంది. పైగా గరగర, దుమ్ము. మరి దాన్ని అక్క ఎట్లా వింటోంది?

ఆ వారమే పాస్టరు గారు ఫోన్ చేశారు. మంచి మనిషి, చాలాసేపు వానల గురించి మాట్లాడారు. చివరికి అసలు మాట వచ్చింది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు జరుగుతోంది. ఆడపిల్లలు పై స్థాయిలో తప్పు పాడుతున్నా అమ్మగారు ఆపడం లేదట. "శభాష్" అంటున్నారట. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారట. "ఈసారికి ఇంకెవరికైనా అప్పజెబుదామా అని సంఘంలో అనుకుంటున్నరన్నా. అమ్మగారికి నేను చెప్పలేను. మీరేమైనా..." అని ఆగిపోయారు.  ఆ బృందాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంటే ఆమెకి ఇంకేం మిగులుతుంది? ఖమ్మంలో చెవుల డాక్టరుకి చూపిస్తే, మిషను పెడితే, ఉన్నది ఉన్నట్టు నిలబడొచ్చు. ఆలస్యం చేస్తే, జనం మాటలు మర్చిపోయినట్టు చెవి కూడా శబ్దాల్ని మర్చిపోతుందంటారు. వెళ్ళి చెప్పాల్సింది నేనే.

చెప్పాను. ఆ శనివారం, టీ తాగుతుండగా, వీలైనంత మెత్తగా. కొత్తదాంట్లో ఫ్లూటు ఉందక్కా, నీకు వినపడటం లేదు, ఒక్కసారి ఖమ్మం పోయి చూపించుకుందాం అన్నాను.

అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"నాకు చెవుడంటవా?"

"చెవుడని కాదక్కా..."

"మరేందిరా? ఈ మండలంల పోరగాండ్ల చెవులల్ల మందు పోసిన దాన్ని నేను. ఎవనికి వినిపిస్తదో ఎవనికి వినిపియ్యదో నాకు తెల్వదా? పెట్టు. పాతది పెట్టు."

పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుంది. డోలు, వయొలిన్లు, ఖాళీ. ఫ్లూటు మొదలైన క్షణానికి ఆమె చూపుడువేలు గాల్లోకి లేచింది. అది ఎక్కిన చోటల్లా ఎక్కింది, వణికిన చోటల్లా వణికింది, ఒక్క వంపు తప్పలేదు. డోలు దెబ్బకి అరచేయి మోకాలి మీద పడింది. కళ్ళు తెరిచింది.

"చెవిటిదానికి గిట్ల వినిపిస్తదా? చెప్పు సారూ, ఫిజిక్సు సారూ!"

 ఒక నిమిషం పాటు నాకే ఆశ పుట్టింది, నిజంగా వింటోందేమో, కొత్తదాంట్లోనే ఏదో లోపముందేమో అని. అక్క మాత్రం అక్కడితో వదలలేదు. "దవాఖానకు నువ్వు పో. పోయి నీ మెదడు సూపిచ్చుకో" అంది. రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. తర్వాత రెండు మూడు వారాలు ఫోను ఎత్తలేదు. ఊరందర్నీ బతిమాలి, బెదిరించి దవాఖానకి తరిమిన మనిషి, తన దాకా వచ్చేసరికి ఇట్లా. ఏం చేయను? మా ఆవిడ ఫోన్ చేసినా ఎత్తలేదు. పాస్టరు గారు మళ్ళీ ఫోన్ చేస్తే, ఒక్క వారం ఆగండన్నాను.

ఆదివారం నేనే వెళ్ళాను. పిలవలేదు కదా అని మానేస్తే అక్క అక్కే కాకుండా పోతుందా. చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. పాటల బృందం ముందు అక్క నిలబడింది, తెల్లచీరలో, చేయి ఊపుతూ. ఆడపిల్లలు రెండో చరణంలో శ్రుతి తప్పారు. పక్కా తప్పారు, నాకే తెలిసింది. అక్క చిరునవ్వుతో చేయి ఊపుతూనే ఉంది.  జనం తలలు వంచుకున్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది.

అక్క నన్ను ఇంటికి తీసుకుపోయింది. కోడికూర వండి పెట్టింది. సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. పత్తి ఏరి వస్తున్న ఆడవాళ్ళు ట్రాలీ ఆటోలో కేకలేసుకుంటూ పోయారు. అక్క వాళ్ళకి చేయి ఊపింది. "నీ డబ్బా తెచ్చినవా?" అంది. నా చిన్న స్పీకరుని ఆమె డబ్బా అంటుంది. తెచ్చానన్నాను.

"పాతది పెట్టు. కొత్తది నాకు వద్దే వద్దు."

స్పీకరు మా ఇద్దరి మధ్య పెట్టి, ఫోనులో పాతది నొక్కాను. వాదన తిరిగి మొదలుపెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆమెకి నచ్చింది వినిపించి, పొద్దున్నే బస్సెక్కిపోదామనుకున్నాను. డోలు మోగింది. అక్క గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. వయొలిన్లు లేచాయి, తగ్గాయి, ఆగాయి.

అప్పుడు స్పీకరు కుయ్ మని సన్నగా అరిచి, నీలం లైటు ఆరిపోయింది. ఛార్జింగు పెట్టలేదు నేను, మహానుభావుణ్ణి. ఫోనులో పాట కూడా ఆగిపోయింది. అక్కా అని పిలవబోయి ఆమె వైపు చూశాను.

అక్క వేలు గాల్లోకి లేచింది.

చుట్టూ ఏమీ లేదు. దూరంగా ఎవరిదో మేక అరుస్తోంది. ఆ వేలు మాత్రం మెల్లగా పైకి పోతోంది. ఎక్కాల్సిన చోట ఎక్కింది, వణకాల్సిన చోట వణికింది. ఆమె పెదాల మీద ఆ చిన్నప్పటి నవ్వు. ఫోను నా చేతిలోనే ఉంది, నాకు కదలబుద్ధి కాలేదు. ఆమెకి ఫ్లూటు పాతదాంట్లోనూ వినిపించదు, ఆ చోట వినిపించేది ఇదే, ఈ ఖాళీయే. పాతదాంట్లో ఖాళీని ఎట్లా నింపాలో ఆమెకి తెలుసు. కొత్తదాంట్లో ఆ ఖాళీయే లేదు, వయొలిన్లే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా, ఆమె కళ్ళు మూసుకునే ఉంది కదా.

వేలు దిగింది. డోలు దెబ్బ పడాల్సిన క్షణానికి సరిగ్గా ఆమె అరచేయి మోకాలి మీద పడింది.

పడి, అక్కడే ఆగింది. అక్క నొసలు ముడిపడింది. కళ్ళు తెరిచింది.

"డోలేదిరా?"

నేను స్పీకరు చూపించాను. "ఛార్జింగు అయిపోయిందక్కా."

అక్క డబ్బాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా మొహం చూసింది. తడి చూసింది. నర్సు కదా, మొహాలు చదవడం ఆమెకి ఒకరు నేర్పాలా?

"ఎప్పుడు ఆగింది?"

ఇప్పుడే ఆగింది అనొచ్చు. నాలిక చివరి దాకా వచ్చింది. ఆమె పెద్ద గొంతు లేకుండా, చిన్నపిల్లలా అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఫ్లూటుకు ముందే, అక్కా."

 పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. చేతిలో డబ్బాని మెల్లగా కింద పెట్టి, కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

"అయితే ఇన్నాళ్ళు ఊదింది నేనేనారా?"

"అవ్ అక్కా."

"మంచిగనే ఊదిన్నా?"

"మస్తు ఊదినవక్కా."

అక్క తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. లేచి లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"పొద్దుగాల ఖమ్మం బస్సు ఎన్నింటికిరా? నేను కూడ వస్తా. జరంత గట్టిగ చెప్పు."